ఒక్క ఓటు ప్రభువు

(పోయిన నెల మన సొసైటీ కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. రాలేకపోయిన సభ్యులు అడిగినందువల్ల ఇక్కడ ఇస్తున్నాం.)

 భోజనాలయ్యాక కూడా కూర్చున్న పిల్లలకు ప్రత్యేకంగా థాంక్స్.

మనం బతుకుతున్న ఈ దేశం గురించి మూడు నెలలకోసారి ఎవరో ఒకరు కాసేపు మాట్లాడాలని కమిటీవారు ఒక పద్ధతి పెట్టారు. ఈసారి వంతు నాకు వచ్చింది. నేను చరిత్ర చదివినవాణ్ణి కాదు. వారమంతా సాఫ్ట్‌వేర్ రాస్తాను. శనివారాలు ఇక్కడ విరాళాల కంప్యూటర్ దగ్గరో, చెప్పుల స్టాండు దగ్గరో మీకు కనిపిస్తుంటాను. అందుకని రాజుల యుద్ధాల గురించి కాకుండా, నా వృత్తికి కొంచెం దగ్గరగా ఉన్న ఒక మనిషి గురించీ, ఆయన కుటుంబం గురించీ చెబుతాను. ఆయన పేరు చార్లెస్ స్టాన్‌హోప్, మూడో ఎర్ల్ స్టాన్‌హోప్. 1753లో పుట్టి 1816లో పోయాడు.

ప్రతి సెప్టెంబర్‌లో మన గుడికి కొత్త విద్యార్థులు వస్తారు కదా. వాళ్ళలో అప్పుడప్పుడు చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్ మీద వచ్చినవాళ్ళు కూడా ఉంటారు. చీవ్‌నింగ్ అనేది ఒక ఇంటి పేరు. కెంట్‌లో సెవెనోక్స్ ఊరికి దగ్గర్లో ఉంది. ఇప్పుడు దాన్ని సాధారణంగా విదేశాంగ మంత్రి వాడుకుంటారు. స్కాలర్‌షిప్‌కు ఆ పేరు అలాగే వచ్చింది. అంతకుముందు, 1717 నుంచి 1967 దాకా, రెండువందల యాభై ఏళ్ళు అది స్టాన్‌హోప్ కుటుంబం ఇల్లు. మనం చెప్పుకోబోయే కథంతా ఆ ఇంట్లోదే.

ఆ కుటుంబానికీ మనకూ ఏం సంబంధం అంటారా? ఉంది. మన కృష్ణ ఒడ్డున మొదలవుతుంది.

1698 నుంచి 1709 దాకా చెన్నపట్నంలో కంపెనీ గవర్నరుగా థామస్ పిట్ అనే ఆయన ఉండేవాడు. 1702 ప్రాంతంలో ఆయన జామ్‌చంద్ అనే వ్యాపారి దగ్గర 410 క్యారెట్ల ముడి వజ్రం ఒకటి కొన్నాడు. ధర 48,000 వరహాలు. ఆ రాయి కృష్ణానది ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని ఎక్కువమంది చెబుతారు. గనిలో పనిచేసే ఒక బానిస దాన్ని కాలి గాయంలో దాచుకుని పారిపోయాడనీ, దారిలో ప్రాణం పోగొట్టుకున్నాడనీ ఒక కథ ఉంది. నిజమెంతో గానీ, కథ మాత్రం మూడువందల ఏళ్ళుగా బతికే ఉంది. లండన్‌లో సానపెట్టాక ఆ రాయి 140 క్యారెట్ల చిల్లర తేలింది. 1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధి దాన్ని 1,35,000 పౌండ్లకు కొన్నాడు. ఇప్పుడు అది పారిస్ లూవర్ మ్యూజియం సేకరణలో ఉంది. పారిస్ వెళ్ళినవాళ్ళు మోనాలిసా దగ్గర సెల్ఫీ అయ్యాక, వీలుంటే దాన్ని కూడా చూసి రండి. అది మన ఊరి రాయి.

థామస్ పిట్‌ను జనం 'డైమండ్ పిట్' అనేవారు. ఆయన కూతురు లూసీ, మొదటి ఎర్ల్ స్టాన్‌హోప్‌ను పెళ్ళి చేసుకుంది. ఆ దంపతుల మనవడే మన చార్లెస్. డైమండ్ పిట్ కొడుకు రాబర్ట్‌కు ఒక కొడుకు పుట్టాడు. ఆయనే తరవాత ఈ దేశానికి ప్రధానమంత్రి అయిన పెద్ద విలియం పిట్. ఆయన కూతురు హెస్టర్ పిట్‌ను చార్లెస్ 1774లో పెళ్ళి చేసుకున్నాడు. అంటే అబ్బాయి డైమండ్ పిట్‌కు కూతురి వైపు మునిమనవడు, అమ్మాయి కొడుకు వైపు మునిమనవరాలు. మన అమ్మమ్మల లెక్కలో చూస్తే వరస చక్కగా కుదిరింది. ఇంగ్లిష్‌వాళ్ళు వరసలు చూడరు గానీ, చూసుంటే జాతకాలు అక్కర్లేకుండానే తాంబూలాలు పుచ్చుకునేవాళ్ళు.

ఈ పెళ్ళితో చార్లెస్‌కు ఒక బావమరిది వచ్చాడు. ఆయన పేరూ విలియం పిట్టే. చిన్న పిట్ అంటారు. 1783లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, ఆయన కూడా ప్రధానమంత్రి అయ్యాడు. ఈ బావమరిదిని గుర్తుపెట్టుకోండి. తరవాత వస్తాడు.

ముందు చార్లెస్ బాల్యం. ఆయన రెండో కొడుకు. అన్న 1763లో క్షయతో చనిపోయాడు. మిగిలిన ఒక్క కొడుకు ఆరోగ్యం కోసం తల్లిదండ్రులు చీవ్‌నింగ్ వదిలి స్విట్జర్లాండ్‌లోని జెనీవాకు వెళ్ళి పదేళ్ళు అక్కడే ఉండిపోయారు. కొడుకు బాగు కోసం సొంత ఊరు విడిచి వేరే దేశం వెళ్ళిన తల్లిదండ్రులంటే ఎలా ఉంటారో ఈ హాల్లో ఎవరికీ వివరించక్కర్లేదు. జెనీవాలో రాజు లేడు. అది ఒక చిన్న గణతంత్రం. అక్కడ ఆ కుర్రవాడికి గణితం, భౌతికశాస్త్రం పట్టుబడ్డాయి. మనుషులంతా సమానమనే ఆలోచన కూడా పట్టుబడింది. పంతొమ్మిదేళ్ళకే రాయల్ సొసైటీకి ఫెలోగా ఎన్నికయ్యాడు.

ఇప్పుడు నా వృత్తికి దగ్గరైన భాగం. 1775లోనూ, 1777లోనూ ఆయన కూడికలు, గుణకారాలు చేసే ఇత్తడి యంత్రాలు తయారు చేయించాడు. బాబేజ్ పేరు మీరంతా విని ఉంటారు. ఆయన పుట్టడానికే ఇంకా పద్నాలుగేళ్ళకు పైగా ఉంది అప్పటికి.

అంతకన్నా విచిత్రమైనది ఇంకొకటి ఉంది. దానికి ఆయన 'డిమాన్‌స్ట్రేటర్' అని పేరు పెట్టాడు. అరచేతిలో పట్టేంత ఇత్తడి, చెక్క పలక. మధ్యలో చదరపు కిటికీ. ఒక వైపు నుంచి ఎర్ర గాజు పలక, ఇంకో వైపు నుంచి బూడిద రంగు పలక లోపలికి తోస్తారు. రెండూ ఒకదానిమీద ఒకటి ఎంత మేర వచ్చాయో అదే జవాబు. పిల్లలకు అర్థమయ్యేలా చెబుతాను. ఇవాళ పది కుటుంబాలు వచ్చాయనుకోండి. ఎనిమిది కుటుంబాలు వంట చేసి తెచ్చాయి. ఐదు కుటుంబాలు చివర్లో హాలు ఊడవడానికి ఆగుతాయి. మరి రెండు పనులూ చేసినవాళ్ళు తక్కువలో తక్కువ ఎంతమంది? ఎనిమిదీ ఐదూ పదమూడు, ఉన్నవి పది, కాబట్టి కనీసం మూడు కుటుంబాలు. ఈ రకం తర్కాన్ని ఆ చిన్న పలక రెండు తోపులతో చూపించేది. తర్కాన్ని యంత్రం చేత చేయించిన మొదటి మనిషి ఈయనేనని కంప్యూటర్ల చరిత్ర రాసేవాళ్ళు చెబుతారు.

ఇంకా చాలా ఉన్నాయి. 1777లో, అంతస్తుల మధ్య సున్నం, ఇసుక, తరిగిన గడ్డి కలిపిన ముద్ద పరిచి, మంట పైకి పాకకుండా ఆపే పద్ధతి కనిపెట్టాడు. చీవ్‌నింగ్‌లో ఒక చెక్క ఇల్లు కట్టించి, లండన్ మేయరును, పెద్దమనుషులను పిలిచి, కింది గదికి నిప్పు పెట్టించాడు. పై గదిలో కొందరు అతిథులు ఐస్‌క్రీమ్ తింటూ కూర్చున్నారని చెబుతారు. విద్యుత్తు మీద పుస్తకం రాశాడు. ఆవిరితో నడిచే ఓడ కోసం ఏళ్ళ తరబడి సొంత డబ్బు పోసి ప్రయోగాలు చేశాడు.

ఆయన చేసినవాటిలో లోకానికి నిజంగా ఎక్కువ ఉపయోగపడింది మాత్రం అచ్చుయంత్రం. గూటెన్‌బర్గ్ కాలం నుంచి మూడున్నర శతాబ్దాలు అచ్చు చెక్క యంత్రం మీదే జరిగింది. పెద్ద కాగితానికి రెండుసార్లు లాగాలి, పనివాడి భుజం పడిపోయేది. 1800 ప్రాంతంలో స్టాన్‌హోప్ పూర్తిగా ఇనుముతో చేసిన యంత్రం తెచ్చాడు. మీటల అమరిక మార్చడంతో ఒక్క లాగుతో పెద్ద పేజీ మొత్తం పడేది. టైమ్స్ పత్రిక 1814లో ఆవిరి యంత్రం వచ్చేదాకా ఈ స్టాన్‌హోప్ ప్రెస్సుల మీదే అచ్చయింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆయన దానికి పేటెంటు తీసుకోలేదు. ఎవరైనా చేసుకోవచ్చు, ఎవరైనా అమ్ముకోవచ్చు. మా వాళ్ళ భాషలో చెప్పాలంటే, ఓపెన్ సోర్స్.

ఇంత చదువు, ఇంత దానగుణం. ఇక రాజకీయాల్లో చూస్తే ఆయన ధైర్యం ఇంకా ఆశ్చర్యం. అమెరికా మీద యుద్ధం వద్దన్నాడు. బానిస వ్యాపారం తప్పన్నాడు. 1789లో ఫ్రాన్స్‌లో విప్లవం వస్తే బహిరంగంగా అభినందించాడు. తన్ను 'సిటిజన్ స్టాన్‌హోప్' అని పిలవమన్నాడు. చీవ్‌నింగ్ గేట్ల మీద ఉన్న కిరీటం గుర్తులు తీయించేశాడు. ఇంటికి 'ప్రజాస్వామ్య భవనం' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు. అప్పటికి బావమరిది పిట్ ప్రధానమంత్రి. ఫ్రాన్స్‌తో యుద్ధం నడుపుతున్నాడు. బావా బావమరుదుల మధ్య మాటలు ఆగిపోయాయి.

1795 జనవరిలో, ఫ్రాన్స్ అంతర్గత వ్యవహారాల్లో మనం తలదూర్చకూడదని ప్రభువుల సభలో ఈయన ఒక తీర్మానం పెట్టాడు. ఓట్లు లెక్కపెట్టారు. వ్యతిరేకంగా 61, అనుకూలంగా 1. ఆ ఒక్కటీ ఈయనదే. ఎవరైనా అయితే సిగ్గుపడి ఇంట్లో కూర్చుంటారు. ఈయన అభిమానులు ఏకంగా పతకం కొట్టించారు, 'ఒక్కడి మైనారిటీ' అని. ఆ పేరు ఈయనకు జీవితాంతం నిలిచిపోయింది. అందరూ ఒక వైపు ఉన్నప్పుడు తనకు సరి అనిపించింది చెప్పడానికి ఒక్కడే లేచి నిలబడడం, ఈ దేశ పార్లమెంటు చరిత్రలో గౌరవంగా చెప్పుకునే విషయం.

ఇంతవరకూ నేను చెప్పింది సభలో, వర్క్‌షాపులో ఉన్న స్టాన్‌హోప్ గురించి. ఇప్పుడు గేటు లోపలికి వెళ్దాం.

మొదటి భార్య హెస్టర్ 1780లో చనిపోయింది. వయసు ఇరవై నాలుగు. ముగ్గురు ఆడపిల్లలు: నాలుగేళ్ళ హెస్టర్, రెండేళ్ళ గ్రిసెల్డా, నెలల పిల్ల లూసీ. ఏడాది తిరక్కుండానే ఆయన లూయిసా గ్రెన్‌విల్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఈవిడ మొదటి భార్యకు మేనమామ కూతురు. ఈవిడకు ముగ్గురు మగపిల్లలు: ఫిలిప్, చార్లెస్, జేమ్స్. మొత్తం ఆరుగురు.

ఈ ఆరుగురూ ఎలా పెరగాలో తండ్రి ముందే డిజైన్ చేసి పెట్టుకున్నాడు. విప్లవం ఇంగ్లండుకూ వస్తుందని ఆయన నమ్మకం. బిరుదులు, జమీలు అన్నీ పోతాయి. అప్పుడు పిల్లలు చేతిపని వస్తేనే బతుకుతారు. అందుకని కొడుకులను బడికి పంపలేదు, యూనివర్సిటీకి పంపనన్నాడు. కమ్మరి పని, చెప్పులు కుట్టే పని లాంటివి నేర్పించాలని చూశాడని చెబుతారు. పెద్ద కూతురు హెస్టర్ చేత ఊరి బీడులో టర్కీ కోళ్ళను కాయించాడని కూడా కథ ఉంది.

మీరు నవ్వుతున్నారు. నాకూ మొదట నవ్వొచ్చింది. తరవాత ఆలోచిస్తే నవ్వు ఆగిపోయింది. ఆయన ఉద్దేశం ఏమిటి? రేపు లోకం ఎలా ఉంటుందో తెలియదు, నా పిల్లలు రోడ్డున పడకూడదు. అంతే కదా. మనం పిల్లలకు కంప్యూటర్ సైన్సు చదువు, మెడిసిన్ చదువు అని ఎందుకు చెబుతున్నాం? సరిగ్గా అందుకే. కొడుకు యూనివర్సిటీకి వెళ్తానంటే ఆ తండ్రి కమ్మరి పని నేర్చుకోమన్నాడు. ఇవాళ కొడుకు వడ్రంగి పని నేర్చుకుంటానంటే మనం యూనివర్సిటీకి వెళ్ళమంటాం. చెప్పే మాట తలకిందులైంది గానీ, దాని వెనక భయం ఒకటే. ప్రేమా ఒకటే. ఆ భయం తప్పు అనడం లేదు నేను. ఆ ఇంట్లో లోపించింది వేరే.

హెస్టర్ ముసలితనంలో తన డాక్టరుకు చెప్పుకున్న సంగతి ఒకటుంది. తండ్రి సమానత్వం పేరుతో గుర్రపు బండ్లన్నీ తీసేశాడు. ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్న సవతి తల్లి బురదలో నడవలేక బాధపడేది. ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. అప్పుడు హెస్టర్ కాళ్ళకు పొడవాటి కర్రలు కట్టుకుని, తండ్రికి కనపడేలా బురద దారిలో నడుచుకుంటూ పోయింది. ఏమిటమ్మా అది అని తండ్రి అడిగాడు. బండ్లు లేవు కదా నాన్నగారూ, నాకేం, బురద అలవాటే, పాపం అమ్మకే కష్టంగా ఉంది అన్న అర్థంలో చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి కొత్త బండి తెప్పించాడు.

తెలివైన పిల్లే. కానీ ఒకటి చూడండి. అమ్మకు బండి కావాలి అని చెప్పడానికి ఒక కూతురు కాళ్ళకు కర్రలు కట్టుకుని సర్కస్ చెయ్యాల్సి వచ్చింది. మామూలుగా భోజనం బల్ల దగ్గర అడిగితే వినే ఇల్లు కాదు అది.

ప్రభువుల సభలో 61 మంది ఎదుట ఒక్కడుగా నిలబడడం తన హక్కు అనుకున్న మనిషి, తన భోజనం బల్ల దగ్గర అలాంటి ఒక్క ఓటుకు చోటు పెట్టలేదు. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగతావన్నీ మరిచిపోయినా ఫరవాలేదు.

ఏమైంది మరి? ఒక్కొక్కళ్ళూ వెళ్ళిపోయారు.

ముందు చిన్న కూతురు లూసీ. 1796లో, పదహారేళ్ళకు, సెవెనోక్స్‌లో వాళ్ళ ఇంటికి మందులిచ్చే థామస్ టేలర్‌ను పెళ్ళి చేసుకుంది. అందరూ సమానమే అనే ప్రభువు కూతురు మామూలు మనిషిని చేసుకుందని ఊరంతా నవ్వింది. గిల్‌రే అనే ప్రసిద్ధ కార్టూనిస్టు బొమ్మ కూడా గీశాడు. తండ్రి ఆ కూతురితో మళ్ళీ కలవలేదు. ఆ దంపతులకు దారి చూపించింది ఎవరు? మేనమామ. ప్రధానమంత్రి పిట్ ఆ అల్లుడికి కస్టమ్స్ శాఖలో పెద్ద ఉద్యోగం ఇచ్చాడు.

1800లో హెస్టర్ ఇల్లు విడిచి, అమ్మమ్మ దగ్గరికి వెళ్ళింది. అదే ఏడు గ్రిసెల్డా పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. 1801లో పెద్ద కొడుకు ఫిలిప్. పంతొమ్మిదేళ్ళవాడు. చదువుకోవాలి, తండ్రి పంపడు. అక్క హెస్టర్ రహస్యంగా ఏర్పాట్లన్నీ చేసింది. తమ్ముడు ఇంట్లోంచి తప్పించుకుని జర్మనీలో ఎర్లాంగెన్ యూనివర్సిటీలో చేరాడు. మన పిల్లలు ఇంట్లోంచి పారిపోతే చదువు తప్పించుకోవడానికేమో అనుకుంటాం. ఈ పిల్లవాడు పారిపోయింది చదువుకోవడానికి. తరవాత మిగతా ఇద్దరు తమ్ముళ్ళు కూడా తండ్రి నీడ నుంచి బయటపడి సైన్యంలో చేరారు. చివరికి రెండో భార్య కూడా విడిగా వెళ్ళిపోయింది.

1803లో హెస్టర్ మేనమామ ఇంటికి చేరింది. పిట్ పెళ్ళి చేసుకోలేదు. ఆయన ఇంటికి వచ్చే మంత్రులను, సేనానులను ఆహ్వానించి మర్యాదలు చూసే గృహిణి బాధ్యత ఈ మేనకోడలే తీసుకుంది. కెంట్ సముద్రతీరంలో వాల్మర్ కోటకు వెళ్ళినవాళ్ళు అక్కడి తోట చూసే ఉంటారు. మేనమామ ఊళ్ళో లేని సమయంలో ఆవిడ శ్రద్ధగా మొక్కలు నాటించిన చోటు అది. అమ్మలేని పిల్లకు మేనమామ ఇల్లు అంటే ఏమిటో తెలుగువాళ్ళకు నేను చెప్పాలా?

ఇక ముగింపులు. 1806లో పిట్ చనిపోయాడు. రెండో కొడుకు చార్లెస్ 1809లో స్పెయిన్‌లో కొరున్నా యుద్ధంలో చనిపోయాడు, ఇరవై మూడేళ్ళకు. హెస్టర్ 1810లో ఇంగ్లండు వదిలి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. సిరియా ఎడారిలో పల్మైరా దాకా గుర్రం మీద వెళ్ళింది. లెబనాన్ కొండల్లో జూన్ అనే ఊళ్ళో కోటలాంటి ఇల్లు కట్టుకుని, అచ్చం తండ్రిలాగే తన మాటే శాసనంగా బతికింది. అప్పులవాళ్ళకు ఇవ్వడానికి ఇంగ్లండు ప్రభుత్వం ఆవిడ పెన్షన్ ఆపేస్తే, కోపంతో గేటుకు గోడ కట్టించేసింది. 1839లో పోయినప్పుడు దగ్గర సొంతవాళ్ళు ఒక్కరూ లేరు.

తండ్రి 1816 డిసెంబర్‌లో చీవ్‌నింగ్‌లో పోయాడు. పిల్లలతో రాజీ పడకుండానే పోయాడు. బిరుదు, వంశపారంపర్యపు ఎస్టేటు చట్టం ప్రకారం పెద్ద కొడుక్కు వచ్చాయి. తన ఇష్టప్రకారం రాయగలిగిన వీలునామాలో మాత్రం పిల్లలకు ఏమీ పెట్టలేదు.

ఆ లాజిక్ యంత్రం సంగతి కూడా చెప్పాలి. ముప్పై ఏళ్ళు పనిచేశాడు దాని మీద. ఎవరైనా కాపీ కొట్టేస్తారని నలుగురైదుగురు స్నేహితులకు తప్ప చూపించలేదు. ఆ పుస్తకం పూర్తి కాలేదు. ఆయన పోయిన అరవై ఏళ్ళకు పైగా అయ్యాక, 1879లో రాబర్ట్ హార్లీ అనే గణితజ్ఞుడు పాత కాగితాలు చూసి వ్యాసం రాస్తే గానీ లోకానికి తెలియలేదు. ఈలోగా వేరేవాళ్ళు అలాంటి యంత్రాలు చేసేశారు. అచ్చుయంత్రం అందరికీ వదిలేశాడు, అది యూరప్ అంతా పాకింది. లాజిక్ యంత్రాన్ని గుప్పిట్లో పెట్టుకున్నాడు, అది గుప్పిట్లోనే ఉండిపోయింది.

మంచి మాట ఒకటి చెప్పి ఆ ఇంటి తలుపు మూస్తాను. చదువు కోసం పారిపోయిన ఫిలిప్‌కు ఒక కొడుకు పుట్టాడు. ఆయన చరిత్రకారుడయ్యాడు. చిన్న పిట్ జీవితచరిత్ర రాశాడు. అంటే, తాతగారు మాటలు మానేసిన ఆ బావమరిది కథను మనవడు ప్రేమగా రాశాడన్నమాట. లండన్‌లో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ పెట్టాలని 1856లో ప్రభువుల సభలో ప్రతిపాదించింది కూడా ఆ మనవడే. తాత ఒంటరిగా ఓడిన సభలోనే మనవడు పదిమందినీ ఒప్పించాడు. ఫిలిప్ ఆ రోజు ఇల్లు దాటి వెళ్ళకపోతే ఆ ఇంట్లో మళ్ళీ పుస్తకం తెరుచుకునేదో లేదో.

ఇంట గెలిచి రచ్చ గెలవమని మన పెద్దలు అన్నారు. దాన్ని మనం సాధారణంగా ఇంట్లోవాళ్ళ మీద నెగ్గడం అనే అర్థంలో వాడేస్తాం. స్టాన్‌హోప్ ఇంట్లో ప్రతిసారీ నెగ్గాడు. ఆరుగురి మీదా నెగ్గాడు. చివరికి మిగిలింది ఖాళీ ఇల్లు. ఇంట గెలవడమంటే ఇంట్లోవాళ్ళ మనసు గెలవడం అని నాకు ఈ కథ చదివాకే సరిగ్గా అర్థమైంది.

మన నచికేతుడి కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. తండ్రి యజ్ఞం చేస్తూ అన్నీ దానం చేస్తున్నాడు. పాలు ఇంకిపోయిన ముసలి ఆవులను ఇస్తుంటే చూడలేక కొడుకు అడిగాడు, నన్ను ఎవరికి ఇస్తావు నాన్నా అని. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. తండ్రికి కోపమొచ్చి యముడికి ఇస్తానన్నాడు. ఊరికంతా దానం చేస్తున్న వేళలోనే ఇంట్లో పిల్లవాడి ప్రశ్న విసుగనిపించింది. అయితే, మూడు వరాలు కోరుకోమని యముడు అంటే నచికేతుడు మొదట అడిగిందేమిటి? బ్రహ్మజ్ఞానం కాదు. అది మూడో వరం. మొదటి వరం, నేను తిరిగి వెళ్ళేసరికి మా నాన్న కోపం తగ్గి, నన్ను గుర్తుపట్టి పలకరించాలి అని. అలిగి వెళ్ళిన ప్రతి పిల్లవాడూ లోపల కోరుకునేది అదే. చీవ్‌నింగ్ పిల్లలకు ఆ వరం ఇచ్చేవాళ్ళు లేకపోయారు.

ఇది మనకెందుకు చెబుతున్నానంటే, మన సొసైటీలో మంచి వాలంటీర్లు ఎక్కువ. ఉగాది వస్తుందంటే నెల రోజుల ముందు నుంచీ సాయంత్రాలన్నీ ఇక్కడే. మనం ఇక్కడ చేసేది మంచి పనే. స్టాన్‌హోప్ చేసినవీ మంచి పనులే. మంచి పని చేస్తున్నామన్న ధీమా ఒక్కోసారి ఇంట్లో వచ్చే ప్రశ్న చెవిన పడనివ్వదు. మన పిల్లలు డాన్సు వద్దన్నా, ఆదివారం క్లాసు బోరు కొడుతోందన్నా, పెళ్ళి విషయంలో మనం అనుకోని పేరు చెప్పినా, అది మన సంస్కృతి మీద దాడి కాదు. 61 మంది మధ్య లేచిన ఒక్క ఓటు. దాన్ని ఒప్పుకోవాలని నేననడం లేదు. ప్రభువుల సభ కూడా స్టాన్‌హోప్ తీర్మానాన్ని ఒప్పుకోలేదు. కానీ మాట్లాడనిచ్చారు, లెక్కపెట్టారు, రికార్డులో రాశారు. ఆ మాత్రం మర్యాద ఇంట్లో పిల్లలకు ఇవ్వలేమా?

అందుకని కమిటీ ముందు చిన్న ప్రతిపాదన పెడుతున్నాను. వచ్చే వార్షిక సమావేశం నుంచి, పదహారేళ్ళు నిండిన పిల్లలు ఇద్దరిని ప్రతి కమిటీ మీటింగుకూ పిలుద్దాం. గుడి కార్యక్రమాల్లో వాళ్ళకు నచ్చనిది ఏమిటో వాళ్ళ నోటితోనే చెప్పనిద్దాం. చెప్పింది మినిట్స్‌లో రాద్దాం. ఓటు ఇవ్వాలంటే నియమావళి మార్చాలేమో. మాట్లాడే చోటు ఇవ్వడానికి ఏ నియమావళీ అడ్డురాదు. ఇంటి దగ్గర మాత్రం ఏ తీర్మానమూ అక్కర్లేదు. అన్నం తినేటప్పుడు ఫోను పక్కన పెడితే చాలు.

చీవ్‌నింగ్ తోటలను ఏడాదిలో కొన్ని రోజులు జనం చూడడానికి తెరుస్తారు. వచ్చే వేసవిలో కోచ్ మాట్లాడి పిల్లాపాపలతో వెళ్దాం. పులిహోర పెట్టె నా బాధ్యత. రావాలనుకున్నవాళ్ళు పేర్లు బయట టేబుల్ దగ్గర రాయండి. పిల్లల పేర్లు మాత్రం వాళ్ళను అడిగాకే రాయండి.